కాలేబు గారి బ్యాటరీ సేవ

మస్కట్‌లో ఒక గోదాముకు స్టోర్‌కీపరుగా పనిచేసే కాలేబును తెలుగువాళ్ళంతా 'కాలే కాలేబు' అనేవారు. పొద్దున పళ్ళు తోముకోకముందు సిగరెట్టుతో అంటుకుంటే పక్క ఎక్కేదాకా ఆరేవాడు కాదు మరి.

భార్య సెలీనా నర్సు. అదీ ఊపిరితిత్తుల వార్డులో. పగలంతా దగ్గేవాళ్ళ మధ్య గడిపి ఇంటికొస్తే, ఇక్కడ ఫైలు లేని పేషెంటు ఒకడు దగ్గుతూ కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉండేవాడు.

రెండువేల తొమ్మిది మార్చిలో ఆ దగ్గులో కాస్త నెత్తురు కనిపించింది. సెలీనా తన ఆస్పత్రికే లాక్కెళ్ళి పరీక్షలన్నీ చేయించింది. గండమేమీ లేదని తేలింది. ఇంటికొచ్చాక ఆమె అరవలేదు, ఏడవలేదు.

"ఇంక సిగరెట్టు ముట్టనని చెప్పండి," అంది.

"ముట్టను," అన్నాడు.

పన్నెండు రోజులు ముట్టలేదు. పదమూడో రోజు, ఆఫీసులో బిల్లులు రాసే కడప నిజాముద్దీన్ దుబాయ్ వెళ్ళొచ్చి ఒక పెట్టె అతని ముందు పెట్టాడు.

"అన్నా, ఇది కరెంటు సిగరెట్టు. నిప్పు లేదు, బూడిద లేదు. పీలిస్తే ఆవిరి వస్తాది, అంతే."

"మరి నికోటిన్?"

"అది గూడ లేకుంటే ఎవురు కొంటారన్నా?"

కాలేబు మనసు తేలికపడింది. తాను ముట్టనన్నది సిగరెట్టు. ఇది కరెంటు వస్తువు. ఇస్త్రీపెట్టె లాంటిది.

పెట్టెలో పెన్నుల్లాంటి బ్యాటరీలు రెండు, వాటి కొసకు మర తిప్పి బిగించే నికోటిన్ గొట్టాలు కొన్ని, ఛార్జరు ఒకటి, ఒక కాగితం ఉన్నాయి. నిజాముద్దీన్ ఆ కాగితాన్ని చదివి వినిపించాడు. మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలి. ఎర్రలైటు పచ్చగా మారగానే తీసెయ్యాలి. ఎండ తగలనివ్వకూడదు. మర దగ్గర చేరే జిడ్డును దూదితో తుడుస్తుండాలి. పూర్తిగా దిగిపోయేదాకా వాడకూడదు. కాలేబు తన పెళ్ళి ప్రమాణాలు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

ఆఫీసులో మేనేజరు కళ్ళు నలుదిక్కులా ఉంటాయి. అందుకని ఛార్జింగ్ ఇంట్లోనే, వంటింట్లో బియ్యం డబ్బా వెనక మొదలైంది.

"ఏవండీ, ఆ ఎర్రలైటేంటి?"

"దోమల మిషను."

"నాలుగో అంతస్తులో దోమలెక్కడివండీ?"

"చూశావా! అప్పుడే పనిచేస్తోంది."

సెలీనా అతన్నొకసారి చూసి పోపు వేసుకుంది. గెలిచాననుకున్నాడు కాలేబు.

మర్నాడు ఛార్జరు ఫ్రిజ్ వెనక్కి మారింది. అక్కడున్నది ఒకటే ప్లగ్గు. బ్యాటరీ కోసం ఫ్రిజ్ త్యాగం చేయాల్సి వచ్చింది. సాయంత్రం ఫ్రిజ్ ప్లగ్గు మళ్ళీ పెట్టాడు గాని, సెలీనా డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె ఆదివారమంతా కూర్చుని శుభ్రం చేసి దాచుకున్న వంజరం ముక్కలు లిఫ్టు దగ్గరికే వచ్చి పలకరించాయి.

"ఫ్రిజ్ పాడైనట్టుంది," అన్నాడు కాలేబు ముక్కు మూసుకుని.

"ఇప్పుడు బాగానే తిరుగుతోందిగా?"

"అదే మరి. పాడై, బాగైంది."

ఆమె చేపల్ని సంచిలో కట్టి కిందికి తీసుకెళ్ళింది.

మే నెల వచ్చింది. కారులో మరిచిపోయిన బ్యాటరీ ఒకటి ఎండకు ఉబ్బి చచ్చింది. కాలేబు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మిగిలిన ఒక్కదాన్ని గడప దాటించడం మానేసి, పడకగదిలో మంచం పక్క సొరుగులో పెట్టి, పగలంతా ఏసీ వేసి ఉంచడం మొదలుపెట్టాడు.

"మనిద్దరం డ్యూటీకి పోతే ఖాళీ గదికి ఏసీ ఎందుకండీ?"

"గోడలకు మంచిది."

జూన్‌లో ఒక గురువారం. కాలేబుకు సెలవు, సెలీనాకు డ్యూటీ. తెల్లవారి లేస్తూనే ఆమె మంచం పక్క ప్లగ్గుకు సెల్‌ఫోను పెట్టి స్నానానికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే కాలేబు ఫోను పీకి తన బ్యాటరీ పెట్టాడు. పావుగంటలో మళ్ళీ మార్చేద్దామనుకున్నాడు. నిద్ర పట్టేసింది. ఆమె ఫోనును అలాగే సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆస్పత్రి వ్యాను మూడింటికి ఆమెను పెద్దరోడ్డు మీద రౌండెబౌట్ దగ్గర దింపుతుంది. అక్కణ్ణించి ఇంటికి కిలోమీటరున్నర ఎత్తుదారి. ఆమె మిస్డ్ కాల్ ఇస్తే కాలేబు కారు తీసుకెళ్తాడు. ఆ రోజు కాల్ రాలేదు. ఓవర్‌టైమ్ కాబోలనుకుని, తీరిగ్గా కిటికీ తలుపు తీసి, నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీతో హాయిగా ఆవిరి వదులుతూ కూర్చున్నాడు.

నాలుగు దాటాక బెల్లు మోగింది. ఎదురింట్లో పనిచేసే కడప అమ్మాయి రాబియా సెలీనా నడుం పట్టుకుని నిలబడి ఉంది. సెలీనా తెల్లబట్టల నిండా దుమ్ము. పెదాలు ఎండి చిట్లాయి.

"రౌండెబౌట్ కాడ కూలబడి ఉండాదన్నా. నేను సామాన్లకు పోయింటి కాబట్టి సరిపాయ. ఆమె ఫోను సచ్చిపోయిందంట. టాక్సీలో ఏసుకోనొచ్చినా."

కాలేబు భార్యను కూర్చోబెట్టాడు, నీళ్ళిచ్చాడు. రాబియా వెళ్ళిపోయింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. భయం కోపమై నోటికొచ్చింది.

"ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకోవద్దూ? బ్యాటరీని అలా పూర్తిగా దిగిపోనిస్తారా ఎవరైనా?"

సెలీనా గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"పెట్టానండీ. మీరు తీశారు."

"అది... దోమల మిషను..."

"దాని సంగతి నాకు మొదటి రోజే తెలుసు. కాగితం కూడా చదివాను. మీరు వాడుతున్నారే గాని ఒక్కరోజైనా దాని మర తుడిచారా? వార్డునుంచి దూది తెచ్చి తుడుస్తున్నది నేను."

"తెలిసి ఎందుకూరుకున్నావు?" అన్నాడు కాలేబు.

"ఎప్పుడు చెప్తారో చూద్దామని. మూణ్ణెల్లు చూశాను." ఆమె గొంతు పెంచలేదు. "ఎండ తగలకూడదు, దిగిపోకూడదు, చల్లగా ఉంచాలి. అన్నీ మీకు తెలుసు. ఎవర్నైనా చూసుకోవడం ఈయనకు చేతకాదులే అని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను. చేతనవునన్నమాట."

కాలేబు విసురుగా లేచి, బ్యాటరీని తీసుకెళ్ళి వంటింటి చెత్తబుట్టలో పడేశాడు. సెలీనా గోడ పట్టుకుంటూ వెళ్ళి, దాన్ని ఏరి, చేత్తో తుడిచి అతని చేతిలో పెట్టింది.

"చెత్తలో వెయ్యకూడదు. కాగితంలో ఉంది."

తరవాత మామూలుగా, కూర ఏం వండాలో చెప్పినట్టు చెప్పింది. "నిజ్వా ఊళ్ళో ఆస్పత్రికి నర్సులు కావాలన్నారు. అక్కడే ఉండాలి. నిన్నటిదాకా ఆలోచించాను. రేపు ఒప్పుకుంటాను."

"నిజ్వానా? మరి నా భోజనం?"

ఆమె అతని వంక చూసింది. ఆ మాట వెనక్కి తీసుకునే దారి కాలేబుకు దొరకలేదు.

పదిరోజుల తరవాత కాలేబు సూట్‌కేసు తనే మోసి ఆమెను బస్సెక్కించాడు. "వెళ్ళగానే ఫోను చెయ్యి," అన్నాడు. ఆమె తలూపింది.

ఇంట్లో ఇప్పుడు దాచాల్సిన పని లేదు. హాలు నడిమధ్య ప్లగ్గులో పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. రెండు రోజులు దర్జాగా పీల్చాడు. మూడో రోజు మరలో జిడ్డు పేరుకుని అది ఆగిపోయింది. ఇల్లంతా వెతికాడు. దూది దొరకలేదు.

ఫోను రాలేదు. తను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఒకసారి మాత్రం, "డ్యూటీలో ఉన్నా," అని పెట్టేసింది.

తొమ్మిదో రోజు లిఫ్టులో రాబియా కనబడింది. నవ్వి పలకరించింది.

"అక్క బాగుందంటన్నా! నిన్న శానాసేపు మాట్లాడింది. కోటర్స్ గూడ ఇచ్చినారంట, కిటికీలోంచి ఖర్జూరం తోట కనపడ్తాదంట. మీకు సెప్పలేదా?"

కాలేబు లిఫ్టు గుండీల వైపు తిరిగాడు.

"చెప్పింది, చెప్పింది," అన్నాడు. "నీకు చెప్పిందో లేదో అనుకుంటున్నా."