చీటీకి రెండో వైపు

బుధవారం పొద్దున ప్రమోదిని అనుకున్నది చాలా చిన్న పని. ఏడింటికి సూది, ఏడున్నరకి మూడు ఇడ్లీలు, ఎనిమిదింటికి జాయ్‌కి స్నానం. సూది మందు దొడ్లో తడి ఇసకలో పాతిన మట్టి ముంతలో ఉంది. ఇడ్లీలు వంటింట్లో పళ్లెం కింద ఉన్నాయి. రెండున్నరేళ్ల కూతురు జాయ్ మంచం కింద ఉంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి భయపడవలసిందేమీ లేదని నాలుగు రోజులుగా చెప్పుకుంటున్నట్టే ఆ రోజూ చెప్పుకుంది.

ఇరవై నాలుగేళ్లకే సుగరు వస్తుందని ఆమెకి తెలియదు. నెల రోజులుగా బిందెల కొద్దీ నీళ్లు తాగుతూ, పుల్లలా చిక్కిపోయి టెక్కలి ఆసుపత్రికి వెళితే, ఇకనుంచి రోజూ ఇన్సులిన్ తప్పదన్నారు. తొమ్మిదో తరగతిలో ఆగిన చదువు ఆ రోజు మళ్లీ మొదలైంది. నర్సు చెప్పినవన్నీ నోటుబుక్కులో రాసుకుంది. సూది వేసుకున్నాక అరగంటలో తినాలి. చేతులు వణికి చెమట పడితే వెంటనే తీపి నోట్లో వేసుకోవాలి. ఈ రెండు ముక్కల కిందా గట్టిగా గీతలు గీసింది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. భర్త ప్రదీప్ కొబ్బరి లోడుతో నాగపూర్ వెళ్లాడు. అత్త జీవరత్నమ్మ మంచిదే గాని, కోడలు తుమ్మితే మనవరాలిని పక్కింట్లో పడుకోబెట్టే మనిషి. సుగరని తెలిస్తే జాయ్‌ని కంచిలిలో ఉన్న కూతురు వసంత దగ్గరికి పంపేస్తుంది. వసంత పిల్లలిద్దరూ హాస్టళ్లకి పోయారు. ఇల్లు బోసిగా ఉందని ఆమె ఏడాదిగా జాయ్‌ని అడుగుతూనే ఉంది. సూది వేసుకుంటూ కూడా ఇల్లూ పిల్లా తనే చూసుకోగలనని వారం రోజులు చేసి చూపించి, అప్పుడు చెప్పాలని ప్రమోదిని పట్టుదల.

ఆ పట్టుదలకి దేవుడి సాయం కూడా ఉంటే బాగుంటుందని ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేసింది. ఒక సహోదరి ఆరోగ్యం కోసం, టెక్కలి ఆసుపత్రిలో చూపించుకుంది, అని మాత్రమే రాసింది. మనిషి పేరు లేదు, రోగం పేరు లేదు. అంత జాగ్రత్త పడిన మనిషి కాగితం విషయంలో పడలేదు. పాస్టరు దావీదుగారు చీటీ చదివి, ఇంకేమైనా ఉందేమోనని తిప్పి, వెనక ఉన్నదీ మైకులోనే చదివారు.

"జాయ్, అంగన్‌వాడీ, బరువు పదకొండు కేజీల రెండు వందలు."

మనిషి ఎవరో అలా తెలిసింది. రోగం ఏమిటో ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లో పేరు చెప్పని రోగం ఒక్కటే, కిడ్నీ. జీవరత్నమ్మ భర్త దానికే పోయాడు. సోమవారం మూడు ఇళ్లనుంచి మంచినీళ్ల టిన్నులు వచ్చాయి. మంగళవారం వాకిట్లో ఉన్న బొండాలు మాయమయ్యాయి.

"నాకు కిడ్నీ కాదత్తా" అని ప్రమోదిని అంటే, "మీ మావా మొదట అలాగే అన్నాడు" అని జీవరత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇక బుధవారం. తాటాకుల దడి వెనక సూది వేసుకుని ప్రమోదిని వచ్చేసరికి వాకిట్లో చాపల మీద పద్నాలుగు మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో కుర్చీలో దావీదుగారు. పక్కనే వసంత, ఆమె పక్కన ఒక బట్టల సంచీ. జాయ్ రెండు గుప్పిళ్లలోనూ వసంత తెచ్చిన జీడిపప్పు పాకం ముక్కలున్నాయి.

వంటింట్లో పళ్లెం కింద ఏమీ లేదు.

"అత్తా, నా ఇడ్లీలేవి?"

"కోళ్లకేసేసినాను. ఈయేల ఉపాస ప్రార్థన కాదేటి. నీ గురించే."

"నాకెవులూ సెప్పలేదే."

"సెప్తే వొద్దంటావని సెప్పలేదు."

"నాను బేగి తినాలత్తా."

"నీ కోసరం ఇంతమంది కడుపులు మాడ్సుకుంతంటే నువ్వొక్కద్దానివీ తింతావేటి?"

"పోనీ ఒక బొండం కొట్టియ్యండి."

చాపల మీద గుసగుసలు లేచాయి. "బొండమా? కిడ్నీకి ఇసం కాదేటమ్మా" అంది వసంత.

"కిడ్నీ కాదు వదినా."

"ఔను, కాదు. ముందు నువ్వు కూకో" అంది వసంత, జ్వరంలో ఉన్నవాళ్లతో మాట్లాడే గొంతుతో. "జాయ్ బట్టలు సద్దేసినాను. పదకొండు గంటల బస్సుకి ఎల్లిపోతాం."

ప్రమోదిని ఆ సంచీ వైపు చూసింది. ఇప్పుడు సుగరంటే ఆ సంచీ పదకొండు దాకా కూడా ఆగదు. ప్రార్థన పావుగంటలో అయిపోతే తినేయవచ్చని కూర్చుంది. కాని దావీదుగారు సృష్టి దగ్గర మొదలుపెట్టారు. ఓడలోకి జంతువులు ఎక్కుతుండగా ఆమె అరచేతులు తడిశాయి. సముద్రం పాయలయ్యేసరికి వేళ్లు వణకసాగాయి.

"వణకతంది సూడండి. పెబువు ముట్టేడు" అంది వెనకనుంచి ఒకామె.

"స్తోత్రం" అన్నారు మిగతావాళ్లు.

ఎడారిలో ఆకలిగొన్న జనానికి ఆకాశం నుంచి ఆహారం కురిసే ఘట్టంలో ప్రమోదినికి కళ్లు మసకబారాయి. పడిపోతే సంచీ సంగతి చూడడానికి తనే ఉండదని తెలిసిపోయింది. మోకాళ్ల మీద పాకుతూ కూతురి దగ్గరికి వెళ్లింది.

"జాయమ్మా, అమ్మకెట్టు."

జాయ్ కుడి గుప్పిట చూసింది, ఎడమ గుప్పిట చూసింది, రెంటిలోకీ చిన్న ముక్క తల్లి నోట్లో పెట్టింది. అది మింగి ప్రమోదిని వసంత ఒళ్లోని పాకం డబ్బా లాక్కుని మరో రెండు ముక్కలు కరకరా నమిలింది. దావీదుగారు కళ్లు తెరిచారు.

"ఉపాసంలో పిల్ల నోటికాడది లాక్కుంతన్నాది" అంది వసంత.

ప్రమోదిని చేతులు కడుక్కుని, బియ్యం డబ్బాలో దాచిన సుగరు మిషను తెచ్చి అందరి ముందూ వేలు పొడుచుకుంది. యాభై ఎనిమిది.

"ఇది డెబ్భై కిందికి దిగకూడదు. నాకు కిడ్నీ కాదు, సుగరు. సూదేసుకుని తినకపోతే ఇలాగే అవుతాది. నాలుగు రోజులై ఏసుకుంతన్నాను. వంట నానే సేసినాను. నీళ్లు నానే మోసినాను. పిల్లకి తానం నానే పోసినాను. మీలో ఎవులికైనా తేడా తెలిసిందా?"

ఎవరికీ తెలియలేదు. జీవరత్నమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"సుగరేనా?"

"సుగరే అత్తా."

"నిజంగా సుగరేనా?"

"టెక్కలి కాయితాలున్నాయి, సూపిస్తాను."

జీవరత్నమ్మ చాప మీద కూలబడి భోరుమంది. తరవాత లేచి తనే పొయ్యి వెలిగించి ఇడ్లీ పాత్ర ఎక్కించింది. సుగరు వచ్చినందుకు పద్నాలుగు మంది చప్పట్లు కొట్టి పాట పాడడం ఆ వీధిలో అదే మొదలు.

వసంత ఒక్కతే సంచీ మీద చెయ్యి తియ్యలేదు. "సుగరంటే మాటలేటి. రోజూ సూదులు పట్టుకుని పిల్లనేటి సూత్తావు? ఆరోగ్గెం ఉన్నోళ్ల కాడ పెరగాల గుంట."

"సరే వదినా. ఎవులికుందో సూద్దాం. ఏలియ్యి."

అంతమంది ఎదుట కాదనలేక వసంత వేలు ఇచ్చింది. మూడు వందల పన్నెండు.

"పాకం ముట్టుకున్నాను. సేతికంటుకున్నాది."

"నిజమే. అలా అంటితే ఎక్కువ సూపిత్తాదని నర్సమ్మా సెప్పింది" అని ప్రమోదిని ఆమెని దొడ్లోకి తీసుకెళ్లి రెండు చేతులూ సబ్బుతో కడిగించి, తుడిపించి, రెండో చేతి వేలు పొడిచింది. రెండు వందల తొంభై ఎనిమిది.

వసంత మిషను చేతిలోకి తీసుకుని ఆ అంకెని మళ్లీ చదివింది. "నానూ ఈమధ్య నీళ్లెక్కువ తాగుతన్నాను" అంది నెమ్మదిగా.

"భయపడకు వదినా. రేపు ఇద్దరం టెక్కలి ఎల్దాం. ఏటి సెయ్యాలో అన్నీ రాసుకున్నాను."

"కంచిలేటి ఎల్తావు, ఇక్కడే ఉండు" అంది జీవరత్నమ్మ వంటింట్లోంచి. "నిన్నూ ఇదే సూసుకుంతాది."

పదకొండు గంటల బస్సు ఎవరినీ ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. సంచీలోని జాయ్ గౌనులు మళ్లీ దండెం మీదికి చేరాయి. మర్నాడు టెక్కలిలో రక్తం చూసి వసంతకి మాత్రలు రాశారు. పది రోజులు ఉండి పథ్యం నేర్చుకుంటానని ఆమె కంచిలినుంచి చీరలు తెప్పించుకుంది.

ఆదివారం వసంత చెప్పగా ప్రమోదిని రాసిన చీటీలో మనిషి పేరు, రోగం పేరు, అంకెతో సహా ఉన్నాయి. దావీదుగారు చదివి, వెనక్కి తిప్పి, కొంచెం నిరాశపడ్డారు.