తీసి చూద్దాం

ఆ ఉదయం పెట్టెలాయన పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ఆఫీసులో బిల్లుల విభాగానికి డిస్కులో కాస్త చోటు పెంచడం. రెండు, తన ఉద్యోగాన్ని పర్మినెంటు చేసే కాగితం మీద పెద్దసారు చేత సంతకం పెట్టించుకోవడం. మొదటిది టీ తాగినంతసేపు పని. రెండోది ఏళ్ళ తరబడి నానుతున్న పని. అది నీటి సరఫరా ఆఫీసు. గంట ఆలస్యంగా నీళ్ళొస్తే బిందెలు పట్టుకుని గొడవకొచ్చే జనం ఉన్నారు గానీ, ఒక మనిషికి ఉద్యోగం ఇన్నేళ్ళు ఆలస్యమైతే ఇదేమిటని అడిగే నాథుడు లేడు.

పెట్టెలాయన అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. కంప్యూటర్ల పెట్టెలన్నీ ఆయనే చూస్తాడు కాబట్టి పెట్టెలాయన. తాత్కాలికపు మనిషికి అసలు పేరుతో ఏం పనిలే అనుకున్నారు కాబోలు, అదేమిటని ఎవరూ అడగలేదు.

ఆయన చెప్పులు వేసుకుంటుంటే భార్య వచ్చి సంచిలో కొత్త ప్లాస్టిక్ కవరొకటి పెట్టింది.

"కాగితం ఇందులో పెట్టుకు రండి. మడతపెట్టి జేబులో కుక్కుకొచ్చారంటే ఊరుకోను."

"ఇంకా సంతకం కాలేదే బాబూ."

"ఇవాళ్టితో మీ కాంట్రాక్టు అయిపోతుంది. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? నిరుడూ చూద్దామన్నారు, అంతకు ముందేడూ చూద్దామన్నారు. ఇంతకీ వాళ్ళకి కళ్ళున్నాయా?"

"ఈసారి కాగితం తయారైంది. సిబ్బంది విభాగం కంప్యూటర్లో ఉంది. ప్రింటు తీయడం, సంతకం పెట్టించడం. అంతే."

"మీ 'అంతే' ఎప్పుడు అంతమవుతుందో!" అంటూ ఆవిడ తలుపేసుకుంది.

పెట్టెలాయన ఆ ఆఫీసుకు చేసిన ఘనకార్యం ఒకటుంది. విభాగానికొకటి చొప్పున మూలుగుతూ పడి ఉండే పాత కంప్యూటర్లన్నీ తీయించేసి, వాటి బదులు ఒకే ఒక్క లినక్స్ సర్వరు పెట్టాడు. దాని కడుపులో నాలుగు వర్చువల్ మెషీన్లు, అంటే ఉత్తుత్తి కంప్యూటర్లు. బిల్లులకొకటి, ఫిర్యాదులకొకటి, గొట్టాలకొకటి, సిబ్బందికొకటి. పేరుకే ఉత్తుత్తివి, చేసేది మాత్రం నిజం పని. (ఆ ఆఫీసు కుర్చీల్లో దీనికి సరిగ్గా తిరగేసిన సరుకు ఉండేది.) ఈ నాలుగింటికీ సామాను దాచుకునే చోటు కోసం ఆరు డిస్కుల్ని కలిపి ఒకే రాశిగా కట్టాడు. ఎవరి సమాచారమైనా ముక్కలు ముక్కలై ఆరింటి మీదా పరుచుకుంటుంది. ఒక డిస్కు పోయినా నడుస్తుంది. రెండు పోయినా నడుస్తుంది. మూడోది పోతేనే ఆగుతుంది. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించేది.

కానీ సర్వరు పెట్టిన రోజే పేచీ వచ్చింది. "ఇందులో మాది ఏది?" అని విభాగాల పెద్దలందరూ వచ్చి నిలబడ్డారు. ఉమ్మడి అన్న మాట ఎవరికీ రుచించలేదు. ఆ ఆఫీసులో కుర్చీకి విభాగం పేరుంది, ఫ్యానుకుంది, గోడకున్న మేకుకు కూడా ఉంది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, పెట్టెలాయన చివరికి ఆరు డిస్కుల ముఖాన ఆరు చీటీలు అంటించాడు. బిల్లులు, ఫిర్యాదులు, గొట్టాలు, సిబ్బంది, పెద్దసారు, ఇతరములు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయన జిగురు రాసి మరీ అతికించాడు. తన డిస్కు కింది వరసలో ఉందని పెద్దసారు అలిగితే, చీటీ పీకి పై వరసలో దానికి అంటించాడు. అందరూ చల్లబడ్డారు.

చల్లబడటమంటే నిజంగానే. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది ఆ సర్వరు గదికే. మధ్యాహ్నమైతే సగం ఆఫీసు అక్కడే చేరేది. ఆ తలుపుకు తాళం ఉండేది గానీ, వేసుకునే యోగం దానికి లేదు.

ఆ ఉదయం పెట్టెలాయన సర్వరు ముందు కూర్చుని నాలుగు మాటలు టైపు చేసి బిల్లులకు చోటు పెంచాడు. వెనక నుంచి బిల్లుల విభాగం పెద్ద, అంటే బిల్లులాయన, తొంగిచూశాడు.

"ఏమయ్యా, చోటు పెంచావా? ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"రాశిలోంచే సార్. పైన ట్యాంకు ఒకటే, కింద కుళాయిలు వేరు. మీ కుళాయి కాస్త ఎక్కువ తిప్పాను."

"నీళ్ళయితే ఎవరివైనా ఒకటేనయ్యా. నా బిల్లులూ ఆవిడ ఫిర్యాదులూ కలిసిపోతే ఎవడు వేరు చేస్తాడు? మరి నా డిస్కు మీద 'బిల్లులు' అని రాసి పెట్టిందేమిటి?"

పెట్టెలాయన ఆ చీటీ వైపు చూశాడు. ఆ నిమిషాన నిజం చెప్పి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది. చెప్తే, ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశావా అంటాడు. సంతకం రోజున ఆ గోల ఎందుకు?

"అది... గుర్తు కోసం సార్. అయినా మీకేం భయం లేదు. ఒక డిస్కు తీసేసినా నడుస్తుంది."

"తీసేసినా నడుస్తుందా?"

"రెండు తీసేసినా నడుస్తుంది!" అని గుండీలను ఒకసారి పరీక్షించి, సంచి భుజానికి తగిలించుకుని పెద్దసారు గదికి పోయాడు.

పెద్దసారు గది బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆ బల్ల ఆయనకు బాగా అలవాటు. చెక్కకు ఆయన ఆకారం పడింది కూడా. కాసేపటికి జేబులో ఫోను మోగింది. సర్వరు పంపిన కబురు: ఒక డిస్కు కనిపించడం లేదు.

లేవబోయాడు. లేస్తే తన వంతు పోతుంది. 'ఒకటే కదా, నడుస్తుంది' అనుకుని కూర్చున్నాడు. మళ్ళీ మోగింది. రెండో డిస్కు కనిపించడం లేదు. 'ఇంకా నడుస్తుంది' అన్నాడు పైకే, కానీ ఈసారి కాళ్ళు లేచాయి. సరిగ్గా అప్పుడే లోపలి గంట మోగింది. ఏళ్ళ తరబడి మోగని గంట! కాళ్ళు గంట వైపే పోయాయి.

"నువ్వేనా ఆ పెట్టెల..." అన్నాడు పెద్దసారు.

"అవును సార్."

"కాగితం తయారుగా ఉందటగా. ప్రింటు తీసుకురా, పెట్టేస్తా. సాయంత్రం నేను ఉండను."

పెట్టెలాయన పరుగున సిబ్బంది విభాగానికి పోయాడు. అక్కడి గుమాస్తా ఆవలిస్తూ కాగితం తెరిచాడు. తెర మీద తన పేరు, అసలు పేరు, ఎంత ముద్దుగా ఉందో! గుమాస్తా ప్రింటు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"బిగుసుకుపోయిందండీ."

మూడో కబురు ఫోనుకు రాలేదు. కబుర్లు పంపాల్సింది కూడా ఆ రాశి మీదే బతుకుతోంది మరి.

సర్వరు గదిలో బిల్లులాయన ఒక డిస్కును గాలం వేసి పట్టిన చేపలాగా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఫిర్యాదులావిడ చేతిసంచిని గుండెకు హత్తుకుని ఉంది.

"దొరికిందయ్యా!" అన్నాడు బిల్లులాయన.

"ఏం దొరికింది సార్?"

"ముందు నా డిస్కు తీసి నా సొరుగులో పెట్టా. తీస్తే నా బిల్లులు ఆగాలా, వద్దా? ఆగలేదు! అంటే నా డిస్కులో నా బిల్లులు లేవన్నమాట. మరి ఎవరి డిస్కులో ఉన్నట్టు? ఈవిడది తీశా. అయినా ఆగలేదు."

"నన్ను అడక్కుండా పీకారు!" అంది ఫిర్యాదులావిడ. "అందుకే నాది నా సంచిలో పెట్టుకున్నా. ఇంక ఎవరికీ ఇవ్వను."

"ఆవిడ నిర్దోషి అని తేలింది. అప్పుడు గొట్టాలది తీశా. టక్కున ఆగిపోయింది! నా బిల్లులన్నీ గొట్టాలాయన తన డిస్కులో దాచుకున్నాడు!"

ఆ మాటకు గుమ్మంలో ఉన్న గొట్టాలాయన ముఖం కందిపోయింది. "నేనా? నీ బిల్లులు నాకెందుకయ్యా, తగలబెట్టుకోడానికా? నాకొచ్చే బిల్లే కట్టలేక చస్తున్నా!"

"సార్, సార్," అని పెట్టెలాయన చేతులు జోడించాడు. "ఎవరూ ఏమీ దాచలేదు. ఎవరిదైనా సరే, మూడోది తీస్తే ఆగుతుంది. చివర తీసిన ఆ ఒక్కటీ మళ్ళీ పెట్టేస్తే అన్నీ లేస్తాయి. ఇలా ఇవ్వండి."

"ఇవ్వడమా? సాక్ష్యం ఇది!"

గోల విని పెద్దసారు వచ్చాడు. అందరి మాటా విన్నాడు. పెట్టెలాయన మాట కూడా విన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ తర్వాత తీర్పు చెప్పాడు. డిస్కుకు లక్కసీలు వేసి బీరువాలో పెట్టాలి. విచారణ జరగాలి. ఉత్తర్వు లేకుండా సీలు విప్పకూడదు.

"మరి ఆ ఉత్తర్వు ప్రింటు కావాలన్నా ఆ డిస్కే కావాలి సార్," అన్నాడు పెట్టెలాయన. "పోనీ చేత్తో రాసి..."

"చేత్తో రాసిన ఉత్తర్వులు చెల్లవని మొన్ననే ఉత్తర్వు ఇచ్చాను. నా ఉత్తర్వును నేనే కాదంటానా?"

బంట్రోతు లక్క కోసం పోయాడు. అంతదాకా డిస్కు ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర మళ్ళీ తగువొచ్చింది. గొట్టాలాయనకు ఇవ్వనని బిల్లులాయన, బిల్లులాయన దగ్గరుంటే ఒప్పుకోనని గొట్టాలాయన. ఫిర్యాదులావిడ అయితే తన సంచి జిప్పు కూడా తీయనంది. పెద్దసారు చూపు గదంతా తిరిగి పెట్టెలాయన మీద ఆగింది.

"నువ్వు ఏ విభాగం మనిషివీ కాదుగా. నువ్వు పట్టుకో."

ఇన్నేళ్ళకు తాత్కాలికపు ఉద్యోగం వల్ల ఒక ఉపయోగం కనిపించింది.

వాళ్ళు వరండాలో అరుచుకుంటుండగా పెట్టెలాయన అలమర తెరిచాడు. కొన్ననాడే చచ్చిపోయి వచ్చిన డిస్కొకటి అందులో పడి ఉంది. అదే కంపెనీది, అదే నలుపు. 'గొట్టాలు' చీటీని గోటితో మెల్లగా ఊడదీసి ఈ చచ్చినదాని ముఖాన అంటించాడు. బంట్రోతు వచ్చాడు. అందరూ చీటీ చదివి తలలూపారు. చచ్చిన డిస్కు మీద లక్క కారింది, మూడు సంతకాలు పడ్డాయి. దానికి అంత సులువుగా సంతకాలు పడటం చూసి పెట్టెలాయన కడుపు రగిలింది.

అసలుదాన్ని దాని చోట తోసి, సర్వరు చెవిలో నాలుగు మాటలు వేశాడు. ఒక్కో దీపమే పచ్చబడింది. బిల్లులు లేచాయి, ఫిర్యాదులు లేచాయి, గొట్టాలు లేచాయి. సిబ్బంది కూడా లేచింది. చీటీ లేని ఆ డిస్కు ఎవరి కంటా పడలేదు. ఆ ఆఫీసులో పేరు అంటించనిదేదీ కళ్ళకు ఆనదు. ఆ సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు?

ప్రింటు తీసి, కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే పెద్దసారు ముందు పెట్టాడు. పెద్దసారు కలం తీశాడు. మూత తీశాడు. ఆగాడు.

"సర్వరు నడుస్తోందా?"

"నడుస్తోంది సార్."

"బిల్లులాయన డిస్కు?"

"ఆయన సొరుగులో ఉంది సార్. అది ముందు పెట్టించాలి, లేకపోతే..."

"ఆవిడది?"

"సంచిలో."

"గొట్టాలది బీరువాలో, నా సీలు కింద. మూడూ లేవు. అయినా నడుస్తోంది. మూడోది తీస్తే ఆగుతుందన్నావుగా?"

పెట్టెలాయన నోరు తెరిచాడు. నిజం చెప్తే సీలు వేసిన సాక్ష్యాన్ని మార్చిన నేరం. చెప్పకపోతే, మూడోది తీస్తే ఆగుతుందన్న తన మాటే అబద్ధమవుతుంది. కక్కలేడు, మింగలేడు.

"అంటే మూడు డిస్కులు దండగ," అన్నాడు పెద్దసారు, ఏదో కనిపెట్టినవాడిలా వెనక్కి వాలి. "ఇన్నేళ్ళుగా ఈ ఆఫీసులో ఏది కావాలో ఏది అక్కర్లేదో తెలియక సతమతమవుతున్నానయ్యా. బిల్లులాయన ఇవాళ దారి చూపించాడు. తీసి చూడటమే! ఆగితే కావాలన్నట్టు. ఆగకపోతే అక్కర్లేదన్నట్టు."

కలానికి మూత పడింది.

"నీ కాంట్రాక్టు ఇవాళ్టితో సరి కదా? మంచిదే. నిన్నూ ఒకసారి తీసి చూద్దాం. ఆగిపోతే కబురు చేస్తాంలే."

పెట్టెలాయన గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చేసి ఇంటికొచ్చాడు. భార్య సంచిలోంచి కవరు తీసి చూసింది. తిరగేసి దులిపింది కూడా. ఆయన జరిగిందంతా చెప్పాడు.

"ఆగితే పిలుస్తామన్నారుగా," అంది ఆవిడ. "వచ్చేటప్పుడు ఇంకొక్కటి పీకేసి రాలేకపోయారా?"

"పీకుదామనే పోయాను. చేతులు రాలేదు. ఊళ్ళో సగం వీధుల్లో నీళ్ళ ఫిర్యాదులు అందులోనే ఉన్నాయి."

"మీకు చేతులు రావు. వాళ్ళకి బుద్ధి రాదు. నాకా కాగితం రాదు." కొత్త కవరు ఊరికే పోకుండా ఆవిడ అందులో ఇంటి నీళ్ళ బిల్లు పెట్టింది. "ఇంతకీ ఆగుతుందంటారా?"

"ఎందుకాగుతుంది? కట్టింది నేనే కదా," అన్నాడు పెట్టెలాయన. ఈసారి గుండీలకేమీ కష్టం కలగలేదు.

ఆ సర్వరు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అంత బాగా కట్టినవాడికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.