వెనక సీటు శాపం

ఆ రోజు ఉదయం గైడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు జనం వస్తారు. వాళ్ల ముందు యుద్ధకాలపు కారు వెనక సీటులో కూర్చోవాలి, దిగాలి. బతికి దిగాలి. అంతే.

పాత కార్ల ప్రదర్శనశాలలో ఆ నల్ల కారుకే పేరు ఎక్కువ. సేనాధిపతి అందులోనే తూటా తగిలి పోయాడనీ, ఆ సీటులో కూర్చున్నవాడు మళ్లీ దిగడనీ ఊరంతా చెప్పుకుంటారు. సీటు మీద నెత్తుటి మరక కూడా ఉంది. గైడు ఆ కథ చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మాడు. కొత్తగా వచ్చిన అధికారికి మాత్రం కథలు గిట్టవు.

"సేనాధిపతి ఈ బండి ఎక్కనే లేదయ్యా. ముసలితనంలో, మంచం మీద, జలుబు చేసి పోయాడు. ఆయన మనవరాలే చెప్పింది. ఇవాళ నువ్వే కూర్చుని చూపించు," అన్నాడు.

గైడు మెల్లగా జారుకుని, టైర్లకు గాలి కొడుతున్న బామ్మర్దిని పక్కకు పిలిచాడు.

"ఒరేయ్, నా నడుం పట్టేసింది. నా బదులు నువ్వు కూర్చో."

"నడుం పట్టిందా, దడ పట్టిందా బావా?"

"మీ అక్కకు చెప్పకు."

"చెప్పడానికి నేను దిగితే కదా!" అన్నాడు బామ్మర్ది. పది గంటలకు జనం వచ్చి చుట్టూ మూగాక నవ్వుతూ ఎక్కాడు. తలుపు ధడాలున పడింది.

తూటాలకు తట్టుకునే తలుపు అది. అద్దాలు దిగవు. డ్రైవరు సీటుకూ వెనక సీటుకూ మధ్య కూడా మందపాటి అద్దమే. కాసేపటికి బామ్మర్ది నవ్వడం మానేశాడు. నోరు ఆడుతోంది, మాట బయటికి రావడం లేదు. చెయ్యి గుండ్రంగా తిప్పి, వేలు గైడు వైపు చూపించాడు.

"నన్నూ రమ్మంటున్నాడు సార్!" గైడు కెవ్వుమన్నాడు.

అధికారి పరుగున వచ్చి తలుపు లాగాడు. బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి లాగారు. కారు ఊగింది గాని తలుపు ఊగలేదు. లోపల అద్దానికి ఆవిరి పట్టింది. అందులో బామ్మర్ది ముఖం మసకబారింది. ఆ కాస్త చోటులో గాలి ఎంతసేపని ఉంటుంది? ఇన్నాళ్లూ నోటితో చెప్పిందంతా గైడుకు ఇప్పుడు కళ్ల ముందు జరుగుతోంది.

"అటు తలుపు?" అన్నాడు అధికారి.

"శవాన్ని దించింది అటే సార్."

అధికారి ఇటే ఇంకోసారి లాగాడు.

అప్పుడే క్యారేజీ పట్టుకుని గైడు భార్య వచ్చింది. అద్దంలో తమ్ముణ్ణి చూసింది. మొగుణ్ణి చూసింది.

"వాడికేమన్నా అయితే మీరు ఇంటికి రానక్కర్లేదు," అంది. క్యారేజీ మొగుడి చేతిలో పెట్టి, అటు వైపు వెళ్లి తలుపు తీసింది. చక్కగా వచ్చేసింది.

బామ్మర్ది కిందికి జారాడు. ఒళ్లంతా చెమట. ప్యాంటు వెనకంతా ఎర్రగా, తడిగా ఉంది.

"నెత్తురు!" అని గైడు కూలబడ్డాడు. జనం గుమ్మం వైపు పరుగో పరుగు. అందరికంటే ముందు అధికారి.

"తలుపుల లోపలి పిడులేవి బావా? నీ జేబులో ఉన్నాయని ఎంత సైగ చేశాను!" బామ్మర్ది రొప్పుతూ అడిగాడు.

ఆవిడ మొగుడి జేబు తడిమింది. మెరుగు పెట్టడానికని నిన్న ఊడదీసిన పిడులు రెండూ అందులోనే ఉన్నాయి. తరవాత తమ్ముడి ప్యాంటును వేలితో తాకి వాసన చూసింది.

"ఇది మన గేటుకు వేసిన రంగే కదండీ!"

గైడు కళ్లు తెరిచాడు. మరక వెలిసినప్పుడల్లా గుట్టుగా రంగు పూసేది తనే. జనం వస్తున్నారని నిన్న సాయంత్రం కూడా అలవాటు కొద్దీ పూశాడు. భయంలో ఆ సంగతి గుర్తుంటే ఒట్టు.

"అదేనే," అన్నాడు సన్నగా.

మర్నాడు ఆ కారు చూడటానికి జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు. శాపాన్ని కళ్లారా చూశామని నిన్నటివాళ్లు ఊరంతా చెప్పారట. అధికారి ఒక పలక రాయించి కారు ముందు పెట్టించాడు.

"ఈ బండికి శాపం లేదు. రంగు ఆరలేదు."