చెప్పులు నేర్చిన పాఠం

కరోనా నుంచి మనమేమీ నేర్చుకోలేదనేవాళ్ళు వెంటనే కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకోవాలి! బాగా నేర్చుకున్నాం. మేం కాకపోయినా, మా చెప్పులు నేర్చుకున్నాయి.

గుర్తుందా? దూరం దూరంగా నిలబడమని రేషన్ షాపు ముందు సున్నంతో వలయాలు గీశారు. ఎండలో నిలబడేంత అమాయకులు నగరి దగ్గరి మా ఊళ్ళో ఎవరున్నారు? వలయానికొక జత చెప్పులు వదిలి, అందరం గోడ నీడన ఒకరినొకరు రాసుకుని కూర్చున్నాం. మాస్కు గడ్డం కిందికి లాగి, ఎవరెవరికి పాజిటివ్ వచ్చిందో చెప్పుకున్నాం. అలా కూర్చున్నవాళ్ళలో కొందరు దండలేసిన ఫొటోల్లోకి వెళ్ళిపోయారు. చెప్పులకు మాత్రం దగ్గు కూడా రాలేదు. సైన్సంటే అదీ!

సున్నం చెరిగిపోయింది, క్రమశిక్షణ మిగిలింది. ఇప్పుడు బ్యాంకులో, ఆధార్ సెంటర్లో, అంతటా చెప్పులే క్యూ కడతాయి. మనుషులు హాయిగా ఇంట్లో పవర్‌లూమ్ మగ్గం నడుపుకుంటుంటారు. ఇంత నాగరికత ఇంకే దేశంలో ఉంది చెప్పండి?

మొన్న మా అత్త దేవకమ్మకు ఆయాసం వచ్చింది. గాబరాగా ఆటో ఎక్కించి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆమె చెప్పులు ఇంట్లోనే ఉండిపోయాయి. ఎంత నేరం!

ఎవరూ అడక్కుండానే అక్కడి క్యూకి కాపలా కాసే చెంగల్రాయుడు అడ్డం నిలబడ్డాడు.

"చెప్పులు యాడమ్మా?"

"మనిషే ఈడుండాది గదన్నా! ఊపిరాడక రొప్పతా ఉండాది, సూడు!"

"మనిషిదేముందిలే, ఎవరైనా వస్తారు. పొద్దున్నుంచీ కాసుకోనుండే ఈ చెప్పులకు నేనేం జవాబు చెప్పేది?"

న్యాయమే కదా! నా చెప్పులు విప్పి ఆఖర్న పెట్టాను. అత్తను గోడకానించి వీపు రాస్తూ కూర్చున్నాను. డాక్టరుగారి తలుపు ముందు ఆయన నల్లబూట్లు నిగనిగలాడుతున్నాయి. ఆయన లోపలే ఉన్నారన్న ధైర్యంతో అందరం ఎంత ఓపిక పట్టామో!

వరస కదల్లేదు. అత్త పెదవులు నీలంగా మారాయి. చెంగల్రాయుణ్ణి తోసేసి తలుపు తీశాను.

ఖాళీ కుర్చీకి ఫ్యాను గాలి విసురుతోంది!

"సారు బస్టాండు కాడ సొంత క్లినిక్కులో ఉండారు" అంది నర్సమ్మ, గొంతు తగ్గించి. "ఎవురన్నా చెకింగ్‌కొస్తే ఉన్నట్టుండాలని బూట్లు ఈడ పెట్టి పోతారు."

మళ్ళీ ఆటో. ఆ క్లినిక్కు గుమ్మంలో మాత్రం చెప్పుల వరస లేదు. ఫీజు కట్టే మనుషులే కూర్చున్నారు. డాక్టరుగారు రబ్బరు చెప్పులేసుకుని పరుగున వచ్చి, స్వయంగా ఆక్సిజన్ పెట్టారు.

కాసేపటికి అత్త పెదవులు ఎర్రబడ్డాయి. మాస్కు పక్కకు జరిపి, ఆయన కాళ్ళకేసి ఓసారి చూసింది.

"పాపా, ఈ తూరి నాకు ఆయాసమొస్తే చెప్పులు ఆడికి పంపించు. వాటిని ఆ బూట్లు చూసుకుంటాయి. నన్ను మాత్రం నేరుగా ఈడికే పిలుచుకోని రా!"