దిబ్బడ రహిత ముక్కు

"వంద రోజుల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళల్లో మూసుకుపోయిన ముక్కు వెతికినా దొరకదు" అని ముద్దుకృష్ణన్న ప్రకటించిన రోజు, నేను పేపరు దగ్గరగా పట్టుకుని ఆ వార్త రెండుసార్లు చదివాను. నోటితో గాలి పీలుస్తూ చదివాను. పదకొండేళ్ళుగా అన్ని పనులూ అలాగే చేస్తున్నాను.

అన్న గురించి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతాను. ఆయన పార్టీ ఇన్‌చార్జి. దేనికి ఇన్‌చార్జో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జనానికి ఆయన మీద అంత నమ్మకం. పోయినేడు మోకాళ్ళ నొప్పులు లేని మదనపల్లె అన్నారు. ఇప్పుడు ఆయన ముందు నొప్పి అనే మోకాలు ఒక్కటీ లేదు. ఈ ఏడు ముక్కుల వంతు వచ్చింది. పథకం పేరు 'దిబ్బడ రహిత ముక్కు'. పాత సైనస్‌కు అల్ట్రాసౌండ్ మిషన్‌తో ఉచిత చికిత్స.

ఆ మిషన్ నాకు కావాలి. మా ఇంట్లో వాసనల శాఖ మొత్తం మా అత్త సరోజమ్మ చేతిలో ఉంది. ఆమెకు డెబ్బై ఎనిమిది. కళ్ళు సరిగా ఆనవు, చెవులు తనకు ఇష్టమైనప్పుడు వినిపిస్తాయి. ముక్కు మాత్రం వీధి చివర ఎవరింట్లో ఏం వండుతున్నారో చెబుతుంది. వరండాలో కూర్చునే వంటింట్లో నన్ను నడిపిస్తుంది.

"ఏమే ప్రసన్నా, పప్పు మాడతాండాది సూడు."

"తిరగమోతలో ఇంగువ యాల ఏయలేదు?"

నేను బీఎస్సీ జువాలజీ, ఫస్ట్ క్లాసు. ముక్కు పటం గీసి భాగాలు గుర్తించమంటే పదికి పది తెచ్చుకున్నదాన్ని. అలాంటిదాన్ని రోజూ "మాడిందా అత్తా?" అని అడుగుతున్నాను. ఒక్కరోజు, ఆమె చెప్పకముందే నాకు తెలియాలి. నా జీవితాశయం ప్రస్తుతానికి ఇంతే.

కల్యాణమండపంలో క్యాంపు. పొద్దున ఆరుకే పోయి మొదటి టోకెన్ సంపాదించాను. మిషన్ మన మిక్సీ అంత ఉంది. దానికో తీగ, తీగ చివర గంటె లాంటిది. బుగ్గలకు చల్లటి జెల్లు రాసి ఆ గంటెతో రుద్దాలి. మిషన్ నడిపే చిన్నస్వామిది కుప్పం. "ఆరు రోజులు ఆరు సిట్టింగులమ్మా. ఒకటికే తెరుసుకుంటుందని అనుకోవద్దు" అని జెల్లు పూశాడు.

ఫోటోగ్రాఫర్లు వచ్చారు. గంటె అన్న చేతికి మారింది.

"అన్నా, ఇంగా స్విచ్చి ఏయలేదు" అన్నాడు చిన్నస్వామి.

"ఫోటోలో స్విచ్చి కనపడదులేప్పా" అన్నారు అన్న.

నాలుగు వైపుల నుంచీ ఫోటోలయ్యేదాకా ఇరవై నిమిషాలు నా బుగ్గ మీద ఆ గంటె పెట్టుకుని ఆయన నవ్వుతూనే ఉన్నారు. అంత ఓపిక మామూలు మనిషికి ఉండదు. తర్వాత మైకు నా నోటి ముందు పెట్టారు.

"అక్కా, ముక్కు ఎట్ల ఉండాది?"

ఇక్కడ తప్పు నాదే. మా వైపు ఎవరింట భోంచేసినా, చెయ్యి కడగకముందే ఎట్ల ఉండాదని అడుగుతారు. దానికి మాకు నేర్పిన జవాబు ఒక్కటే. పాయసంలో ఉప్పు పడినా అదే జవాబు.

"బాగుండాది అన్నా" అనేశాను.

చప్పట్లు. సాయంత్రానికల్లా సర్కిల్లో ఫ్లెక్సీ. తొలి లబ్ధిదారు, ప్రసన్నలక్ష్మి. అందులో నా ముక్కు నిజం ముక్కు కంటే బాగుంది.

మర్నాడు రెండో సిట్టింగుకు పోయాను. చిన్నస్వామి రిజిస్టర్ తిప్పాడు.

"మీకు యాలమ్మా? నయమైపాయె గదా."

"యాడ నయమైందప్పా? స్విచ్చే ఏయకపోతిరి."

"నాకు తెల్దా? స్విచ్చి కాడ ఉండింది నేనే గదా! కానీ ఈడ 'నయం' అని రాసి అన్న సంతకం పెట్టుండారు. నయమైనోళ్ళకు వైద్యం చేస్తే నన్ను అడగరా పైవాళ్ళు? ఆ రాత అన్నే కొట్టేయాల."

అన్న దగ్గరికి పోయాను. ఆయన ఎంతో బాధపడ్డారు. "అక్కా, కుప్పం క్యాంపు కానీ. దగ్గరుండి ఆరు సిట్టింగులూ పెట్టిస్తా. అంతవరకూ నువ్వు నయమై ఉండు."

సరే, ఉన్నాను.

పుంగనూరు క్యాంపుకు కారు పంపారు. పార్టీవాళ్ళ కారులో కోడలు ఒక్కతే ఎట్ల పోతుందని అత్త కూడా ఎక్కింది. వేదిక మీద అన్న నా కళ్ళకు తువ్వాలు కట్టించి, ముక్కు దగ్గర ఒక పువ్వు పెట్టారు.

"చెప్పక్కా, ఏం వాసన?"

మూడు వందల మంది. నా మనస్సాక్షి మేలుకుంది. ఇక్కడైనా నిజం చెబితే రిజిస్టర్లో కొట్టేస్తారన్న ఆశ కూడా మేలుకుంది.

"ఏ వాసనా రావడంలేదన్నా" అన్నాను గట్టిగా.

తువ్వాలు విప్పారు. అన్న చేతిలో కనకాంబరం.

"సూసినారా!" అన్నారు అన్న మైకులో. "లేని వాసన లేదని చెప్పింది! ఇంతకంటే ఏం రుజువు కావాల?"

ఈసారి చప్పట్లతో పాటు దండ కూడా పడింది.

కుప్పంలో ముగింపు సభ. రెండు ఊళ్ళ నుంచి నయమైన నూట అరవై మందిని వేదిక మీద కూర్చోబెట్టారు, నన్ను మొదటి వరసలో. మా వెనకాల స్టూలు మీద మిషన్, దానికి పూలమాల. టీవీలో లైటు వెలుగుతూ కనపడాలని ఆ రోజు పొద్దుననగా స్విచ్చి వేశారు. సభ అయిపోగానే నా ఆరు సిట్టింగులు. చిన్నస్వామి జెల్లు కూడా తీసిపెట్టాడు.

"ఈ వేదిక మీద నూట అరవై తెరుసుకున్న ముక్కులు ఉండాయి" అని అన్న మొదలుపెట్టారు. అరగంట మాట్లాడారు. షామియానా చివరి వరస నుంచి ఒక గొంతు లేచింది.

"ఏమే ప్రసన్నా! మాడతాండాది సూడు!"

అలవాటు కొద్దీ లేచి పొయ్యి కోసం వెతికాను.

"ఏది అత్తా?"

"నీ ఎనకాలే!"

మిషన్‌లోంచి నల్లటి పొగ. పూలమాల సగం కాలిపోయింది. చిన్నస్వామి పరిగెత్తి వైరు పీకాడు. నూట అరవై మందీ ఒకరినొకరు చూసుకున్నారు.

"నాకు అప్పుడే తెలిసె" అన్నాడు నా పక్కన కూర్చున్న గోవిందప్ప. "అన్న మాట్లాడతాండాడని ఊరకున్నా."

మిగతా అందరూ కూడా అందుకే ఊరుకున్నారట. నేనూ తల ఊపాను. ఎదురుగా నా ఆరు సిట్టింగులు పొగై పోతున్నాయి. ఆ పొగ వాసన ఎలా ఉందో మాత్రం మీకు చెప్పలేను.

అన్న తానే వేదిక దిగిపోయి, అత్తను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తెచ్చి శాలువా కప్పారు.

"డెబ్బై ఎనిమిదేళ్ళ అవ్వ! ఇరవై వరసల ఎనక నుంచి! పథకం పని చేస్తాండాదా, లేదా?"

"చేస్తాండాది!" అన్నారు జనం.

"నాకు ఏ మిషనూ పెట్టలేదు నాయనా" అంది అత్త.

"పెట్టకముందే ఈ గుణం! పెట్టుంటే?" అన్నారు అన్న. మైకు ఆమె ముందు పెట్టారు. "చెప్పవ్వా, ముక్కు ఎట్ల ఉండాది?"

అత్త కూడా మా వైపు మనిషే కదా.

"బాగుండాది" అంది.

మిషన్ లేకపోయినా పథకం ఆగలేదు. అత్తను కారులో ఊరూరా తిప్పుతున్నారు. నిన్న రామసముద్రం, ఈరోజు గంగవరం, రేపు గుర్రంకొండ. సర్కిల్లో ఫ్లెక్సీ మీద నా ముఖంపైన ఆమె ముఖం అతికించారు. రిజిస్టర్లో నేను ఇంకా నయమయ్యే ఉన్నాను.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి, వంటింట్లోకి ఎవరి మాటా వినపడటంలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి ముందుగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

పక్కింటి భార్గవి గేటు బాదుతూ చేతులూపి ఏదో అరుస్తోంది. అత్త ఎట్ల ఉండాదో అడగడానికి వచ్చినట్టుంది.

"అంతా బాగుండాది" అని ఇక్కడినుంచే చెప్పాను.