కెమెరాకు కట్టిన ఇత్తడి బిళ్ల

మానవజాతి ఆకాశాన్ని జయించి నూరేండ్లు దాటింది. దానికి ముద్ర వేసే పని మాత్రం మొన్నమొన్ననే, కరీంనగర్‌ల, ఒక ఇనుప జాలి కిటికీ వెనుక మొదలైంది. గగన సమతూక విభాగం అని ఆ దఫ్తర్ పేరు. డ్రోన్ కింద వేలాడే కెమెరా సక్కగ నిలబడ్డదా, ఓ పక్కకు వాలిందా అని తేల్చి చెప్పుడు దాని పని. (మనుషులు సక్కగ ఉన్నరా లేరా అని తేల్చే విభాగం ఇంకా పెట్టలే. సిబ్బంది కొరత అట.)

ఆ దఫ్తర్ ఊకెనే పుట్టలే. ఓసారి వరదలప్పుడు ఎవరో తీసిన డ్రోన్ వీడియో బాగ ఊగింది. దాన్ని చూసిన ఒక పెద్దసారుకు కండ్లు తిరిగి, ముందర పెట్టిన ఇడ్లీ ముట్టలేకపోయిండు. ఆ వరదల ఎన్ని చేన్లు పోయినయో ఇప్పటికీ లెక్క తేలలే గని, ఇడ్లీ నష్టం మీద మాత్రం తెల్లారేసరికి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పంట నష్టం రాయాలంటే, సమతూకం ధ్రువీకరించిన డ్రోన్ తీసిన వీడియోనే చెల్లుతుందని అందులో ఉన్నది.

నా పేరు ప్రిస్కిల్లా. ఉట్నూర్‌ల జిరాక్స్ దుకాణం నాది. ఉత్తర్వులన్నీ నా మిషన్ల నుంచే బయటికొస్తయి కాబట్టి, వాటిని చదివే ఖర్మ కూడ నాదే. మా మేనమామ అహరోనుకు వాగు పక్కన పత్తి చేను ఉన్నది. ఈసారి వానలకు వాగు పొంగి చేనంతా మునిగింది. నష్టం రాయించుకుంటేనే మళ్ల విత్తనం చేతికొస్తది, లేకుంటే ఆ చేను పడావు పడుడే. రాయించుకోవాల్నంటే నీళ్లు నిలబడ్డప్పుడే చూపించాలె. నీళ్లు ఇంకినంక ఎండిన పత్తికట్టె చూపెడితే 'రైతు నీళ్లు పెట్టలేదు' అని రాస్తరు. (మా ఊర్ల ఒకాయనకు అట్లనే రాసిండ్రు. నీళ్లు పెట్టిన అని చూపెడుదమంటే ఆయన మోటరు ఆ వరదలనే కొట్టుకపోయింది.)

మామ తెలివితక్కువోడేం కాదు. మోకాలు లోతు నీళ్లల్ల నిలబడి సొంత ఫోన్ల వీడియో తీసిండు. దాన్ని పట్టుకొని పోతే ఉత్తర్వుల ఏడో నిబంధన చూపించిండ్రు. 'బాధితుడు స్వయంగా తీసిన వీడియో పరిగణనలోకి తీసుకోబడదు. బాధితుని చేయి వణుకును. వణుకుతున్న చేతికి నీళ్లు ఎక్కువగా కనిపించును.'

"నా చెయ్యి వణకలే బిడ్డా," అన్నడు మామ. "చలికి కాళ్లు వణికినయి, అంతే."

కాళ్ల గురించి నిబంధన లేదు. అడిగిన.

అందుకే మెట్‌పల్లిల పెండ్లిళ్లకు డ్రోన్ ఎగరేసే ముజాహిద్‌ను పిలిపించినం. వచ్చుడే రుబాబుగ వచ్చిండు. నల్లకండ్లద్దాలు, చేతిల పెద్ద పెట్టె. "ఫికర్ జెయ్యకు కాకా," అన్నడు మామతోని. "గాలిదుమారంల కూడ పెండ్లికొడుకు మీసాలు ఒక్కొక్కటి లెక్కవెట్టిచ్చిన నేను. నీ చేను ఎంత?"

ముందుగాల నా దుకాణంల ఫ్యాన్ బంద్ చేయించిండు. డ్రోన్ కడుపు కింద రబ్బరు బుడిపెల మీద గింబల్ బిగించిండు. గింబల్ అంటే కెమెరాను పట్టుకునే చెయ్యి అనుకోండ్రి. డ్రోన్ ఎంత ఊగినా, దాంట్ల ఉన్న చిన్న మోటర్లు కెమెరాను ఊగనియ్యవు. కాకపోతే ముందు కెమెరా దాంట్ల తూకంగ కూసోవాలె. లెన్స్, బ్యాటరీ, కార్డు అన్నీ పెట్టి, కరెంటు ఇయ్యకుంట, స్క్రూ జర వదులు చేసి, కెమెరాను వెంట్రుకవాసి జరిపి వేలు తీసిండు. కెమెరా ముక్కు కిందికి వంగింది. ఇంత వెనక్కి జరిపిండు. అది పైకి, మొగులు దిక్కు చూసింది. మళ్ల జరిపిండు. మమ్ముల ఊపిరి కూడ మెల్లగ తీసుకోమన్నడు. ఆధార్ జిరాక్స్‌కు వచ్చిన ఒక పెద్దమనిషి తుమ్మేసరికి ముజాహిద్ చూసిన చూపుకు ఆయన ఆధార్ ఇడిసిపెట్టి పోయిండు.

ఆఖరికి కుదిరింది. పైకి తిప్పి పెడితే పైకి, కిందికి తిప్పి పెడితే కిందికి, ఎట్ల పెడితే అట్లనే నిలబడ్డది.

"చూసినవా అక్కా, గిట్లుంటే మోటర్లకు పనే ఉండది. తూకం మంచిగుంటే అవి ఊకెనే కూసుంటయి," అన్నడు. (ఆ లెక్కన గగన సమతూక విభాగంల తూకం చానా మంచిగున్నదని తర్వాత తెలిసింది.)

కరీంనగర్ బస్సుల డ్రోన్‌ను కిటికీ పక్క సీట్ల కూసోపెట్టి, తువ్వాలతోని నడుము కట్టిండు ముజాహిద్. కండక్టర్ దానికి సగం టికెట్ అడిగిండు. ఒళ్ల పెట్టుకుంటే టికెట్ లేదన్నడు. మామ దాన్ని ఒళ్ల పెట్టుకొని, ఒక్క చెయ్యితోని దాని రెక్కలు పట్టుకొని, దారిపొడుగునా కిటికీల నుంచి మొగులు చూసుకుంట కూసున్నడు. మళ్ల వాన పడితే నీళ్లు ఇంకవని ఆశ, పడితే వాగు అవుతల మామకున్న ఇంకో ముక్క కూడ పోతదని భయం. గిదేం బతుకని నాకు అనిపించింది.

దఫ్తర్ గేటు కాడ హనుమండ్లు అనే జవాను ఆపిండు. గోడ మీద 'కెమెరాలు లోపలికి నిషిద్ధం' అని రాసున్నది. మేం పరీక్షకు తెచ్చిందే కెమెరా అంటే, అది తనకు తెలుసన్నడు. అందరూ అదే తెస్తరట. కాబట్టి పరీక్ష కిటికీ కాడ జరుగుతది. కెమెరా బయట, పరీక్షించే సార్ లోపట.

సమతూక పర్యవేక్షకులు సంపత్ సార్ మర్యాదస్తుడు. జాలి సందుల నుంచి పెన్ను బయటికి పెట్టి కెమెరాను పైకి నూకిండు. నిలబడ్డది. కిందికి నూకిండు. నిలబడ్డది. "అద్భుతం," అన్నడు. నిజంగనే అన్నడు, వంక పెట్టలే. మామ మొఖంల వారం తర్వాత నవ్వు చూసిన.

అప్పుడు సార్ సొరుగుల నుంచి ఇత్తడి బిళ్ల తీసిండు. అరచేతి అంత ఉన్నది. దాని మీద విభాగం ముద్ర, కింద 'సమతూకం సరియైనది' అనే మాట. (పల్చటి బిళ్ల గాలికి వంగుతదని ఒక సంఘం సిఫారసు చేస్తే మందంగ పోయించిండ్రట.) దాన్ని కెమెరా వెనుక తగిలించి, తూకం మళ్ల ఎవరూ మార్చకుంట స్క్రూలన్నిటి గుండ తీగ గుచ్చి, సీసంతోని ముద్ర కొట్టిండు.

కెమెరా మెల్లగ మెడ వెనక్కి వాల్చి మొగులును చూసింది.

"సార్," అన్నడు ముజాహిద్, "బిళ్ల బరువుకు వెనక్కి పడ్డది."

"బిళ్ల బరువు కాదు, ధ్రువీకరణ," అన్నడు సార్.

"జర మళ్ల పరీక్షించి చూడుండ్రి సార్."

సంపత్ సార్ ఓపికగ ముద్ర పగులగొట్టిండు. బిళ్ల తీసిండు. పెన్నుతోని నూకిండు. కెమెరా ఎట్ల పెడితే అట్లనే నిలబడ్డది. "సరిగ్గనే ఉన్నది కదా," అని మళ్ల బిళ్ల కట్టి ముద్ర కొట్టిండు. కెమెరా మళ్ల మొగులు దిక్కు తిరిగింది.

"ముద్ర కొట్టినంక పరీక్షించుండ్రి సార్!" అన్న నేను. నాకు ఒళ్లు మండుతున్నది.

"ముద్ర కొట్టినమంటేనే పరీక్ష అయిపోయిందని కదమ్మా. అయిపోయినదాన్ని ఎట్ల పరీక్షిస్తం?"

ముందట ఒక చిన్న బరువు కడతనన్నడు ముజాహిద్. దానికి అనుబంధ బరువుల విభాగం అనుమతి కావాలట. ఆ విభాగం మంజూరైంది గని, ఎక్కడ పెట్టాల్నో ఇంకా తేలలేదట. ఉట్నూర్ పోయి తీగ తెంపుతనన్నడు. నేనే పదకొండో నిబంధన చదివి వినిపించిన. ముద్ర తెంపితే పైలట్ లైసెన్సు రద్దయితది, బాధితుడు బాధితుడు కాకుంట పోతడు.

మామ ముందటికొచ్చిండు. జాలి పట్టుకొని అడిగిండు. "సార్, గా బిళ్లేదో మా చేనుకు కట్టుండ్రి. మట్టంతా వాగుల కొట్టుకపోతుంది. కదలకుంటనన్న ఉంటది."

సంపత్ సార్ ఆలోచించిండు. "చేన్లు మా పరిధిలోకి రావు," అన్నడు బాధతోని. ఆయన బాధ నిజమే అనుకుంట. చాయ్ కూడ తాగుమన్నడు.

తిరిగొచ్చేసరికి చేన్ల నీళ్లు మోకాలు నుంచి పిక్కకు దిగినయి. రిబ్కమ్మ అత్త గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నది. ఇగ ఆగితే నీళ్లే ఉండవు. ముజాహిద్ నల్లద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు. నేను చూసినకాడికి అది మొదటిసారి. బిస్మిల్లా అని డ్రోన్ లేపిండు.

గింబల్ మోటర్లు జర్రసేపు కొట్టుకున్నయి, కీచుమన్నయి, కాగినయి, ఆగినయి. కెమెరా వెనక్కి వాలి, డ్రోన్ కడుపుకు ఆనుకొని, మేకు కొట్టినట్టు నిలబడ్డది. ముజాహిద్ డ్రోన్‌ను వంకరగ ఎగరేసిండు, వెనక్కి ఎగరేసిండు, చెమటలు కక్కిండు. కెమెరా చూపు మాత్రం మారలే. కింద చేనంతా మెరుస్తున్న నీళ్లు. రిమోట్‌కు తగిలించిన ఫోన్ల మాత్రం నీలం రంగు మొగులు.

అత్త ఫోన్లకు వంగి చూసింది. చానాసేపు చూసింది.

"మన చేనేది బిడ్డా?" అని అడిగింది ముజాహిద్‌ను.

గాలిదుమారంల మీసాలు లెక్కవెట్టిచ్చిన మనిషి, రిమోట్ పట్టుకొని గట్టు మీద కూలబడ్డడు. నాకైతే ఏడుపొచ్చింది.

ఆ వీడియోనే పంపినం. ఇంకోటి చెల్లదు కదా. మేం అనుకున్న దానికంటే జల్ది జవాబు వచ్చింది. (జిరాక్స్ కోసం మామ నా దగ్గరికే తెచ్చిండు, అందుకే ఇక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్న.)

'సమర్పించిన వీడియోను ఆసాంతం పరిశీలించనైనది. ఆకాశం నిర్మలముగా ఉన్నది. వర్షము కురిసిన ఆనవాళ్లు లేవు. వరద నీరు ఏ ఎత్తులోనూ కనిపించలేదు. మధ్యలో ఒక కొంగ దాటినది. దానికి నష్టము వాటిల్లినట్లు లేదు. కావున దరఖాస్తు ముగించడమైనది. కెమెరా ఆద్యంతము ఎక్కడా వణకలేదు. ఇందుకు పైలట్‌ను విభాగము అభినందించుచున్నది. ఈ వీడియోను శిక్షణలో ఆదర్శముగా చూపెదము.'

ముజాహిద్‌కు అభినందన పత్రం వేరుగ వచ్చింది. మెట్‌పల్లి స్టూడియోల దాన్ని గోడకు పెట్టలే అట. పెట్టెల, ఇత్తడి బిళ్ల వేలాడే కెమెరా కింద పడేసిండట.

మామ నా కౌంటర్ కాడ నిలబడి ఆ కాయితం రెండుమాట్లు చదివిండు. చదువుతుంటే ఆయన చెయ్యి వణికింది. నేను దగ్గరుండి చూసిన. కాకపోతే ఏడో నిబంధన ప్రకారం దాన్ని పరిగణనలోకి తీసుకోరాదు.