ఉడుము లాయరు నేర్పిన జవాబు

ఒక పెద్ద అడవిలో తగాదాలకు కొదవ లేదు, అందుకని లాయర్లకూ కొదవ లేదు. వాళ్లందరిలోకీ పేరుమోసినవాడు చలమయ్య అనే ఉడుము. నల్లకోటు వేసుకుని కోర్టులో అడుగుపెట్టాడంటే జడ్జి గుడ్లగూబ కూడా నిద్ర ఆపుకుని వినేవాడు.

నిజం చెప్పాలంటే చలమయ్యకు చట్టం వచ్చింది తక్కువ. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే, క్లయింట్లకు నేర్పిందీ అదే.

"చూడు భీమన్నా," అన్నాడు తేనె దొంగతనం కేసులో ఇరుక్కున్న ఎలుగుబంటితో. "అవతలివాడు ఏమడిగినా తల దించుకుని 'నాకు గుర్తు లేదండి' అను. అంతకుమించి నోరు విప్పావో, నిన్ను నేను కూడా కాపాడలేను."

"మూతికి తేనె అంటుకుని ఉంది కదండీ?"

"అదెలా అంటిందో నీకు గుర్తు లేదు."

భీమన్న నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తర్వాత జొన్నచేలో పడ్డ అడవిపందీ, గుడ్లు మింగిన ముంగిసా అలాగే బయటపడ్డారు. అడవిలో సగంమంది ఆ పాఠం వల్లెవేసి బతికిపోయారు.

ఇంతమందిని కాపాడాను కదా, ఓట్లకేం తక్కువని చలమయ్య అడవి సభకు పోటీ చేశాడు. వాగుకు వెళ్లే దారిని తోడేళ్లు కంచె వేసి మూసేసి చాలాకాలమైంది. "నన్ను గెలిపించండి, దారి తెరిపిస్తాను," అన్నాడు. పాపం, అందరూ నమ్మి ఓట్లు గుద్దారు.

రాజధానిలోని సభలో మెత్తటి కుర్చీ దొరికింది. పక్క కుర్చీల్లో ఆ తోడేళ్లే కూర్చుని ఆప్యాయంగా పలకరించేసరికి కాలం హాయిగా గడిచిపోయింది.

ఒకసారి ముళ్లపంది మంగమ్మ పడుతూ లేస్తూ రాజధానికి వచ్చింది. "బాబూ, వాగు దారి ఏం చేశావు? నీళ్లకోసం పిల్లలు కొండ చుట్టి పోతున్నారు."

"ఏ దారి పెద్దమ్మా? నాకు గుర్తు లేదే," అన్నాడు చలమయ్య ఎంతో మర్యాదగా.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఆ అడవిలో ఒక రూలుంది. మళ్లీ నిలబడాలంటే తన ప్రాంతంవాళ్లు ఒక్కరైనా వచ్చి 'ఈయన మావాడే' అని చెప్పాలి. లేకపోతే కుర్చీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒక్కరేం ఖర్మ, కావలసినంతమంది ఉన్నారనుకుని చలమయ్య భీమన్నను పిలిపించాడు.

"ఈయన నీకు తెలుసా?" అని ఎన్నికల అధికారి కొంగ అడిగాడు.

భీమన్న తల దించుకున్నాడు. "నాకు గుర్తు లేదండి."

చలమయ్య గబగబా ముందుకొచ్చాడు. "అదేంటయ్యా, తేనె కేసులో నిన్ను బయటపడేసింది నేనే కదా?"

"ఏ తేనె అండీ?"

చలమయ్యకు అప్పుడు అర్థమైంది. తనను గుర్తుపడితే వాడు దొంగతనాన్ని కూడా గుర్తు తెచ్చుకోవాలి. తనే వాడి లాయరైతే ఈ జవాబే చెప్పించేవాడు. అడవిపందికి జొన్నచేను గుర్తు రాలేదు. ముంగిసకైతే గుడ్డంటే ఏమిటో కూడా గుర్తు రాలేదు.

చివరికి మంగమ్మ మిగిలింది. ఆమె మీద ఎన్నడూ కేసు లేదు, దాచుకోవలసిందీ లేదు. చలమయ్య చేతులు జోడించాడు. "పెద్దమ్మా, నువ్వైనా చెప్పు. రేపే కంచె పీకిస్తాను."

"నాకన్నీ గుర్తున్నాయి బాబూ," అంది మంగమ్మ. చలమయ్యకు ప్రాణం లేచొచ్చింది. "వాగు గుర్తుంది. కంచె గుర్తుంది. తెరిపిస్తానన్న మాటా గుర్తుంది. ఆ మాట ఇచ్చినవాడి మొహమే ఎంతకీ గుర్తు రావడం లేదు."

కొంగ నామినేషన్ కాగితాన్ని పక్కన పెట్టేశాడు. చలమయ్య ఇంటికెళ్లి పాత నల్లకోటు దులుపుకున్నాడు.

నీతి: సాక్షులకు మతిమరుపు నేర్పే లాయరు, తన మొహాన్ని మాత్రం మినహాయించమని ముందే చెప్పి పెట్టుకోవాలి.